ఇరవై మూడు వరుసల జల్లెడ

పోయినవాటిని ముందు రాస్తాను. ఒక ఆమె ఎడమ కాలి వేళ్లు రెండు: చిటికెన వేలు, దాని పక్క వేలు. ఆ పక్క వేలికున్న వెండి చుట్టు ఒకటి. వెదురు చాట ఒకటి. చాటలో ఉన్న బియ్యం, తూచలేదు గాని చూపు అంచనాకు కిలోన్నర. ఆమె పనికి రాలేకపోయిన రోజులు యాభై మూడు. నావైపు పోయింది ఒకటే, నాలుగువేల తొమ్మిదివందల గంటలు. ఆ గంటలు ఎలా పోయాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ని. ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌లో పంతొమ్మిదేళ్లు కాంటా దగ్గర కూర్చున్నాను. వచ్చిన బండి బరువు, ఖాళీ బండి బరువు, తేమ శాతం, అన్నీ నోటి లెక్కే. తర్వాత కాంటాకు కంప్యూటర్ పెట్టారు. అంకెలు వాటంతటవే వచ్చేవి. ఆ పెట్టెలో ఏం జరుగుతోందో తెలియక నాకు భయం పట్టుకుంది. భయమేస్తే దాన్ని లెక్కలోకి తెచ్చుకోవడం నా అలవాటు. ఫోన్‌లో పాఠాలు చూసి ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. నాలుగేళ్లు పట్టింది. నలభై నాలుగో ఏట కరీంనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనికి కుదిరాను. అక్కడ సరుకు మోసే రోబో బండ్లు తయారవుతాయి. నాలుగు చక్రాలు, పైన చెక్క బల్ల, నడిపే మనిషి ఉండడు. వర్క్‌షాపు ఒక ఇంజనీరమ్మాయిది. శ్రీరాంపూర్‌లో బొగ్గుగని కార్మికుడి కూతురు, నాకన్నా పదహారేళ్లు చిన్నది. ఆమె నన్ను కాకా అంటుంది, నేను బిడ్డా అంటాను. జీతం ఇచ్చేది మాత్రం ఆమే.

చేరిన మొదటి వారంలోనే నేను ఒక బండిలో ఉన్న ప్రోగ్రాం అంతా వరుసలు లెక్కబెట్టాను. రెండు లక్షల పద్నాలుగు వేలు. అందులో మా చేత్తో రాసినవి మూడువేల వంద. మిగతావన్నీ ఎక్కడెక్కడివాళ్లో రాసి, ఎవరైనా వాడుకోండని పెట్టినవి. చక్రం తిప్పేది ఒకరిది, దారి గుర్తుపెట్టుకునేది ఇంకొకరిది. ఇంతమంది చేతిరాత మీద బండి నడపడం నాకు దడగా ఉండేది. ఆ మాటే అన్నాను.

"అన్నీ మనమే రాసుకుంటె నా పెండ్లి గాదు, నీకు పనికెళ్లి ఫుర్సత్ దొరకది కాకా," అంది. "ఉన్నది వాడుకుందాం. మనం రాసింది గూడ నలుగురికి ఇద్దాం. గంతే."

మొదటి రెండు బండ్లు ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లుకు పోయాయి. పత్తి బేళ్లు మోయడం వాటి పని. బండి ముక్కు కింద, నేలకు బెత్తెడు ఎత్తులో ఒక లేజర్ కన్ను ఉంటుంది. ఎదురుగా ఏదైనా కనిపిస్తే బండి ఆగాలి. జిన్నింగ్ మిల్లులో దూది పోగులు గాలికి కొట్టుకొచ్చి ఆ కంటి ముందు ఆడేవి. మొదటి రోజు ఒక్కో పోగుకు ఆగి, బండి రెండువందల పన్నెండు సార్లు నిలబడింది. నేను మూడు రోజులు నేలమీద బోర్లా పడుకొని, స్కేలు పెట్టి పోగుల వెడల్పు కొలిచాను. అన్నిటికన్నా పెద్దది డెబ్భై ఒక్క మిల్లీమీటర్లు. అప్పుడు ఇరవై మూడు వరుసలు రాశాను. ఎదురైన వస్తువు ఎనభై మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉండి, ఒక చూపుకూ మరో చూపుకూ మధ్య కదిలితే, అది దూది. ఆగకు. దానికి మేం పెట్టుకున్న పేరు జల్లెడ. మర్నాడు బండి నాలుగుసార్లే ఆగింది.

ఆ మిల్లులో బండి తిరిగే దారికి రెండువైపులా నడుమెత్తు ఇనుప కంచె ఉండేది. బండి నడుస్తున్నంతసేపు గేటుకు తాళం. ఆ దారిలో మనిషి కాలు పడదు. ఇది నాకు తెలుసు, మేస్త్రీకి తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే రాయలేదు. కాంటా దగ్గర మేం రాసేది అంకె మాత్రమే. యార్డులో అందరికీ తెలిసినదాన్ని చీటీ మీద ఎవరూ రాయరు. పంతొమ్మిదేళ్ల ఆ అలవాటు ఇరవై మూడు వరుసల్లోకీ వచ్చింది.

రెండు బండ్లు, రోజుకు పది గంటల చొప్పున, రెండువందల నలభై ఐదు రోజులు నడిచాయి. నాలుగువేల తొమ్మిదివందల గంటలు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఈ అంకెను నా నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో రాసి చుట్టూ గీత గీసుకున్నాను.

మరుసటి ఏడు కరీంనగర్ పక్కన ఒక రైస్ మిల్లు బస్తాల బండి అడిగింది. మొదటి రెండు రోజులు జల్లెడ లేకుండానే నడిపాం. ఊక ఎగిరినప్పుడల్లా బండి ఆగింది. ఊడ్చే ఆడవాళ్లకు అది ఆట. "కొత్త పెండ్లికూతురు లెక్క అడుగుకొకసారి ఆగుతది," అని ఒకామె అంటే, "కట్నం బాకీ ఉన్నదేమొ అడుగు," అని ఇంకొకామె. మిల్లు యజమానికి మాత్రం నవ్వు రాలేదు.

"ఏంది లెక్కల సారూ, పొట్టు ఎగిరినా నిలవడ్తది, ఈగ వాలినా నిలవడ్తది. గింతకన్న మా ఎడ్లబండి నయముండె."

"జర రెండు రోజులు ఆగు పటేలా," అన్నాను.

ఆ సాయంత్రం నేను వర్క్‌షాపులో ఉండగా అమ్మాయి మిల్లు నుంచి ఫోన్ చేసింది. "కాకా, జిన్నింగ్ మిల్లు జల్లెడ గీడ పెట్టనా?"

"పెట్టు బిడ్డా. నాలుగువేల తొమ్మిదివందల గంటలు నడిచింది. ఫికరే లేదు."

అంత చిన్న జవాబు. అయినా ఊరికే పెట్టలేదు, పరీక్ష చేశాం. మర్నాడు ఆ అమ్మాయి, నేను, యజమాని, ముగ్గురం పదేసి సార్లు బండికి ఎదురు నిలబడ్డాం. ముప్పై సార్లకు ముప్పై సార్లూ ఆగింది. ముగ్గురమూ ప్యాంట్లు వేసుకొని ఉన్నాం. ప్యాంటు అంచు దగ్గర కాలు నూట ముప్పై మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కొలత నేను తీసుకున్నది పదకొండు రోజుల తర్వాత.

రైస్ మిల్లులో ఒక పద్ధతి ఉంది. బస్తాల కుట్లలోంచి దారి పొడుగునా రాలిన గింజలు ఊడ్చే ఆడవాళ్లవి. ఎవరు ముందు చాటలోకి ఎత్తితే వాళ్లవే. చక్రం కింద పడితే నలిగిపోతాయి గనక, బండి వచ్చేలోపే ముందుకు వంగి ఊడ్చుకోవాలి. గింజను తొక్కకూడదని చెప్పులు పక్కన విడుస్తారు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలియదు. అక్కడ రెండు రోజులు నిలబడి కూడా వాళ్ల నవ్వులు విన్నాను గాని కాళ్లు చూడలేదు.

జల్లెడ పెట్టిన తొమ్మిదో రోజు, పదిన్నర దాటింది. ఇరవై అడుగుల దూరంలో నిలబడి బండి ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో రాసుకుంటున్నాను. అరవై మూడు అని రాస్తున్నాను. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు ఊరి నుంచి వచ్చిన ఒక ఆమె, వయసు నలభై ఉంటుంది, చీరను గోచిపెట్టి మోకాళ్ల దాకా ఎగ్గట్టుకొని బండి ముందుకు వంగింది. బండి ఆగుతుందని ఆమె నమ్మకం. మొదటి రెండు రోజులు ఆగింది గదా. నేను తల ఎత్తేసరికి బండి ఆగలేదు. ఆగాల్సిన చోటు దాటింది. నా నోరు తెరుచుకుంది గాని గొంతు రాలేదు. చాట విరిగిన చప్పుడు ముందు విన్నాను. ఆమె కేక తర్వాత విన్నాను. పరుగెత్తి ఎర్ర మీట నొక్కాను. బండి మీద ఎనిమిది బస్తాలు, నాలుగువందల కిలోలు. నలుగురం ఎత్తితే చక్రం లేచింది.

నోట్‌బుక్కులో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఆరు ఉంది, మూడు సగమే ఉంది.

ఆస్పత్రి ఖర్చు యజమానీ మా వర్క్‌షాపూ పెట్టుకున్నారు. నేను మాత్రం ఆమె చీలమండ కొలత అడగాలా వద్దా అని వార్డు బయట రెండు రోజులు తిరిగాను. అడగలేదు. ఇంటికి పోయి నా భార్య చీలమండ కొలిచాను. అరవై ఆరు మిల్లీమీటర్లు. ఆ స్కేలు పట్టుకొని నేలమీదే కూర్చుండిపోయాను. "ఏమైందయ్యా, వేళ్లు గింత సల్లగున్నయేంది?" అంది ఆమె.

నాలుగువేల తొమ్మిదివందల గంటల్లో మనిషి కాలు బండి ముందుకు వచ్చిన గంటలు ఎన్ని? సున్నా. అంటే నా దగ్గర ఉన్న అనుభవం సున్నా గంటలు. ఆ సున్నానే నేను ఫోన్‌లో ధీమాగా చెప్పాను.

మూడో రోజు వార్డులోకి పోయాను. కాలికి కట్టుతో పడుకొని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"గా బండికి లెక్క రాసింది నువ్వేనా దాదా?"

"నేనే అక్కా."

"మరి నన్ను చూడలేదా అది?"

అబద్ధం చెప్పడానికి ఏమీ దొరకలేదు. "చూసింది. దూది అనుకున్నది."

ఆమె కట్టు లేని కాలు దుప్పట్లోంచి బయటికి చాపింది. "దూదా? నలభై ఏండ్లు ఎండల ఎండిన కాళ్లు, దూదెట్లయితయ్?" పక్క మంచం ఆమె నవ్వింది. ఈమె నవ్వలేదు. "గసొంటి బండ్లు ఇంకెన్ని తిరుగుతున్నయ్?"

వేళ్ల మీద లెక్కపెట్టబోయి ఆగాను.

"లెక్కలు చెప్పేటోనివి, గిది తెల్వదా? పో. ఒక్కటి గూడ లేదు అని చెప్పే దినం రా. గప్పటిదాంక మాఫీ గీఫీ అని నా తాన అడుగకు."

వర్క్‌షాపుకు వచ్చాను. అప్పటికి మేం ఇచ్చిన బండ్లు ఆరు, అన్నిటిలోనూ జల్లెడ ఉంది. వాటి చిరునామాలు తెలుసు. అన్నిటిలోంచి ఆ వారంలోనే జల్లెడ తీసేశాం. జిన్నింగ్ మిల్లు బండ్లు మళ్లీ పోగుపోగుకూ ఆగసాగాయి. ఆగనీ అన్నాను. ఇక లెక్క తేలిందనుకున్నాను. అప్పుడు అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుంది.

"కాకా, ఎండకాలం కాలేజీల మూడు రోజులు క్లాసు చెప్పిన యాదికున్నదా? బండి తయారుజేసేటోళ్లకు."

"ఉన్నది."

"మన ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవుల్ల ఏసి ఇచ్చిన. మల్ల మల్ల రాసుకునుడెందుకని. జల్లెడ గూడ అందులనే ఉండె. బాగ పనిజేస్తది, ఎన్ని గంటలు నడిచిందో చూడుండ్రి అని నీ ఎర్ర సిరా పేజీ గూడ ఫోటో తీసి పెట్టిన."

"ఎన్ని?"

"పదకొండు."

ఆరూ పదకొండూ పదిహేడు. నా చేతిరాతతో ధీమా కూడా పదకొండు ప్రతులు పోయింది.

"పెట్టుమన్నది నువ్వు, పెట్టింది నేను," అంది ఆమె మెల్లగా. "సగం సగం పరేషాన్ అవుదాం. ఒక్కనివే మొత్తం తీస్కోకు."

ఆ రోజుల్లో ఇంకో భయం కూడా పట్టుకుంది. నేను ఒక కంచెను రాయకుండా వదిలేశాను. మిగిలిన రెండు లక్షల పైచిలుకు వరుసల్లో ఎవరెవరు ఏ కంచెలు వదిలేశారో! రోజుకు నాలుగువందల వరుసలు చదివితే ఐదువందల ముప్పై ఐదు రోజులకు అయిపోతుందని లెక్క వేసి, చదవడం మొదలుపెట్టాను. తొమ్మిదో రోజు అమ్మాయి చూసింది.

"చదువుతె కనవడ్తదా కాకా? నీ ఇరవై మూడు వరుసలు చదువు. అండ్ల కంచె కనవడ్తదా?"

మళ్లీ చదివాను. కనపడదు. తప్పు లేదు అందులో. ప్రతి అక్షరం సరిగ్గానే ఉంది. భయపెట్టింది అదే.

చదవడం ఆపి వెతకడం మొదలుపెట్టాను. డెబ్భై ఐదు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు రెండడుగుల ముక్క కోయించి, దానికి కర్ర కట్టాను. కాలులా నిలబెట్టి కొంచెం కదిలిస్తే, జల్లెడ ఉన్న బండి దాన్ని గుద్దేస్తుంది. లేని బండి ఆగుతుంది. ఎవరి మాటా నమ్మకుండా దాంతోనే చూడాలనుకున్నాను. బస్సుల్లో దాన్ని నిలువుగా పట్టుకొని తిరిగాను. ఒక కండక్టర్ "బోరుకు పోతున్నవా పెద్దమనిషీ, ఒక్క పైపుతోని ఎంత లోతు దిగుతది?" అన్నాడు.

పదకొండు మందిలో ఐదుగురు పెన్‌డ్రైవు సొరుగులో పడేసి మర్చిపోయారు. నా కళ్ల ముందే చెరిపించాను. నిర్మల్‌లో ఒకతను బండి తయారుచేశాడు, దానికి కంచె లేదు, ఇంకా ఎవరికీ దెబ్బ తగల్లేదు. జగిత్యాల దారిలో ఇంకొకటి దొరికింది. రెండిటిలోంచీ జల్లెడ తీసేశాను. మూడోది ఖానాపూర్‌లో.

ఖానాపూర్‌ది మక్కజొన్నల గోదాం. మధ్యాహ్నం రెండింటికి చేరాను. లోపల దుమ్ము, వేడి, మనుషుల అలికిడి లేదు. దూరంగా మోటారు రొద మాత్రం వినిపిస్తోంది. ఆ రొద నాకు తెలుసు. వెలుగులోంచి వచ్చిన కళ్లకు చీకటిగా ఉంది. కాసేపటికి బస్తాల వరుస మధ్య దారి కనిపించింది. దారి పక్కన ఖాళీ గోనెల మీద ఒక ముసలి హమాలీ పడుకున్నాడు. ధోతి పైకి జరిగింది. రెండు పాదాలూ దారిలో ఉన్నాయి. నిద్రలో వేళ్లు కదులుతున్నాయి. సన్నగా ఉన్నాయి, కదులుతున్నాయి. బండి అటు మూల తిరిగి వస్తోంది.

ఈసారి గొంతు వచ్చింది. "తాతా! కాళ్లు! కాళ్లు!" అని అరిచి పరుగెత్తాను. ఆయన లేవలేదు. బండికీ ఆయనకూ మధ్య పైపు అడ్డం నిలబెట్టాను. బండి ఆగలేదు. పైపును విరగ్గొట్టి తోసుకుంటూ వచ్చింది, కర్ర నా చేతుల్లోంచి ఎగిరిపోయింది. ఆయన రెండు పాదాలూ పట్టుకొని ఒక్క గుంజు గుంజాను. చక్రం గోనె అంచు మీదుగా పోయింది.

ముసలాయన లేచి కూర్చున్నాడు. "ఎవడ్రా నువ్వు? పండుకున్నోని కాళ్లు గుంజుతవ్, పిచ్చి గిట్ల లేసిందా?"

విరిగిన పైపు చూపించాను. ఆయన పైపునూ బండినీ చూశాడు. తర్వాత తన కాళ్లు చూసుకున్నాడు, ఒక్కో వేలూ ముట్టుకున్నాడు. "పదీ ఉన్నయ్," అన్నాడు. "నిద్ర చెడగొట్టినవ్ గద, చాయ తాగిపియ్యి."

చాయ్ కొట్టు దగ్గర నా గ్లాసు సగం ఒలికింది. ఆయనే తన గ్లాసులోంచి పోశాడు. ఆ సాయంత్రం ఆ బండిలోంచి జల్లెడ తీసి, కొత్త పైపు ముక్కతో నలభై సార్లు చూసి, ఆఖరి బస్సుకు బయలుదేరాను. ఒక్క అరనిమిషం ముందో వెనకో అయితే ఎలా ఉండేదన్న ప్రశ్నకు నాకు లెక్క తెలియదు. వేయబోయి మానేశాను.

జల్లెడ ఇప్పుడు మా బండ్లలో ఎక్కడా లేదు, వర్క్‌షాపు కంప్యూటర్‌లో ఒక్క చోటే ఉంది. దాని పైన నేను రాసిన మాటల్లో కొన్ని ఇవి: "ఇది కంచె ఉన్న దారికే. కంచె లోపలికి మనిషి రాడని నీ కళ్లతో చూసినంకనే పెట్టు. గోచీ కట్టిన కాళ్లతో, ధోతి కట్టిన కాళ్లతో, చెప్పుల్లేని కాళ్లతో పరీక్షించు. దీన్ని నడిపిన గంటలు నీ గంటలు కావు." మొత్తం పదహారు వరుసలు వచ్చాయి. ఇరవై మూడు వరుసలకు పదహారు వరుసల చీటీ ఎక్కువైందని అమ్మాయి అనలేదు. ఇప్పుడు బయటివాళ్లది ఏది వాడుకోవాలన్నా, "గీ బండి ఏ నేల మీద నడిచింది, అక్కడ ఎవరు తిరుగుతుండిరి?" అని ముందు ఉత్తరం రాస్తుంది. జవాబు వచ్చేది తక్కువ.

రైస్ మిల్లులోనూ కంచె వచ్చింది. వచ్చాక ఇంకొకటి పోయింది. రాలిన గింజలు ఇప్పుడు కంచె లోపల పడుతున్నాయి, ఆడవాళ్లకు అందవు. రోజు చివర మిల్లే ఊడ్పించి తీసుకుంటోంది. "కాళ్లు కాపాడినవ్, చాట ఖాళీ జేసినవ్," అని వాళ్లు నా ముఖం మీదే అన్నారు. యజమానితో రెండుసార్లు మాట్లాడాను, చూద్దాం అంటాడు. మొదట రాసిన జాబితాలో ఇది కలపాలి.

వేళ్లు పోయిన ఆమె యాభై నాలుగో రోజు మళ్లీ పనికి వచ్చింది. కూర్చొని బస్తాలు కుడుతుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తాను. బాగోగులు ఏమీ అడగదు.

పదిహేడులో మావి ఆరు, సొరుగుల్లోవి ఐదు, బండ్లలో దొరికినవి మూడు. పద్నాలుగు. మిగిలినవాటిలో ఒకతని ఫోన్ నంబరు మారింది, ఊరు మారింది. ఒకతను బండిని మహారాష్ట్రవైపు ఎవరికో అమ్మాడు, కొన్నవాడి పేరు గుర్తులేదంటాడు. ఒకతను "ఎప్పుడో తీసేసిన, నువ్వు రానక్కరలే" అంటాడు, గేటు తీయడు. పైపు పెట్టి చూడని బండిని నేను పద్నాలుగులో కలపను. వీధిలో ఎక్కడ మోటారు రొద విన్నా, ముందు నేలవైపు చూస్తున్నాను. ఎవరి కాళ్లు ఉన్నాయో చూస్తున్నాను.

పోయిన శనివారం కూడా ఫోన్ చేశాను.

"ఎన్ని దాదా?"

"మూడు."

"పోయినవారం గూడ మూడే గద."

"మూడే అక్కా."

అటువైపు కుట్టు మిషను ఆగింది. మళ్లీ మొదలైంది. "సరే, వచ్చేవారం చెయ్యి," అని పెట్టేసింది.

ఈ రోజుకు ఆమెకు నేను తీర్చాల్సింది మూడు.